నూకాలు చెయ్యని ఫోను

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోపం ఎక్కువ. బీపీ మాత్రలు మింగుతున్నా ఆ గుణం పోలేదు. కాబట్టి సూర్యకళ సంగతి నిదానంగా, ఎవర్నీ ఏమీ అనకుండా చెప్పమంటే నా వల్ల కాదు. ఎన్నికల ముందు ఆ ఒక్క వారంలో జరిగినదాంట్లో మా మేనేజరు తప్పుంది, సూర్యకళ తప్పూ ఉంది. నా తప్పు లేదని నేనూ అనను.

సీతమ్మధారలో ఒక బట్టల కొట్టు పైన, రెండో అంతస్తులో మా ఎఫ్.ఎం. స్టేషను. పేరు చెప్పను, చెబితే మళ్లీ అదో గొడవ. నేను అక్కడ కన్సోలు దగ్గర కూర్చుంటాను. ఎవరి మైకు ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు తగ్గించాలి, యాడ్స్ ఎక్కడ వెయ్యాలి, ఇదీ నా పని. పొద్దున్న ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా జనంతో మాటల కార్యక్రమం. సాయిశంకర్ అని ముప్పై ఏళ్లవాడు మైకు ముందు కూర్చుని పలకరిస్తాడు. వాడిది బొబ్బిలి పక్క పల్లెటూరు. బయట నన్ను “బావా, టీ తాగుదుమా” అని పిలిచే మనిషి మైకు ముందుకెళ్లగానే ఎక్కడలేని స్టయిలూ తెచ్చుకుని ముక్కుతో మాట్లాడతాడు. వినలేక చస్తాను.

జనం చేసే ఫోన్లు ఎత్తేది సూర్యకళ. మైకు ఉండే అద్దాల గది బయట, నా కన్సోలు పక్కనే చిన్న బల్ల, రెండు ఫోన్లు, ఒక రూళ్ల పుస్తకం, ఇదీ ఆమె సంసారం. నలభై రెండేళ్లుంటాయి. పుట్టిల్లు చీపురుపల్లి అవతల ఒక ఊరు, నువ్వులు, మొక్కజొన్న పండించే కుటుంబం. పెళ్లయి గాజువాక వచ్చింది. భర్త అశోక్ ఆటోనగర్‌లో లేత్ మిషను మీద పనిచేస్తాడు. అతనంత నోరులేని మనిషిని నేను చూడలేదు. ఆ ఇంట్లో మాటలన్నీ ఈవిడే మాట్లాడాలి.

ఆమెకి దేవుడిచ్చింది గొంతు. పాడదు. ఎవరి గొంతు వింటే ఆ గొంతు దింపేస్తుంది. చిన్నప్పుడు పొలంలో కలుపు తీసేటప్పుడు గట్టు చాటున నక్కి, మేస్త్రీ గొంతుతో ఒక్క కేక వేసేదట. కబుర్లాడుకుంటున్న ఆడవాళ్లంతా గభాలున నడుములు వంచేసేవారట. ఒకరోజు అసలు మేస్త్రీ వెనకే నిలబడి ఉన్నాడు. ఆ రోజు వాళ్లమ్మ చింతబరికెతో కొట్టిన దెబ్బలు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది. మా స్టేషన్‌లో మేనేజరు గొంతుతో కింద టీ కొట్టుకి ఫోన్ చేసి, నాకూ తనకూ అల్లం టీ తెప్పించేది. మేనేజరు ఖాతాలోనే.

ఇంతలో ఎన్నికలు వచ్చాయి. మేనేజరుకి భయం పట్టుకుంది. పార్టీ పేరు రాకూడదు, నాయకుడి పేరు రాకూడదు, ఎవరైనా ఆవేశంలో ఏదో అనేస్తే కేసు మన నెత్తిమీద పడుతుంది అన్నాడు. అని ఒక పద్ధతి పెట్టాడు. ఫోన్ చేసినవాళ్ల గొంతు రేడియోలో వెయ్యం. సూర్యకళ వాళ్ల మాట పుస్తకంలో రాసుకోవాలి, పేరూ వివరాలూ మార్చాలి, దాన్ని మనవాళ్లే చదవాలి. ఫోన్లు రికార్డు కూడా చెయ్యొద్దన్నాడు. మొదటి రెండు రోజులూ సాయిశంకరే చదివాడు. నీళ్లు రావడం లేదని ఏడ్చిన ముసలమ్మ మాటని బ్యాంకు నోటీసు చదివినట్టు చదివాడు. నాకు ఒళ్లు మండి, “ఆ సూర్యకళ చేత చదివించరాదూ, కనీసం మనిషి మాట్లాడినట్టుంటుంది” అన్నాను. అన్నది నేనే. ఎవరూ నన్ను అడగలేదు.

అంతే, సూర్యకళ గొంతులు మొదలయ్యాయి. స్టీల్‌ప్లాంటులో రిటైరయిన పెద్దాయనలా దగ్గుతూ మాట్లాడేది. మద్దిలపాలెం డిపో ముందు పూలమ్మే ఆవిడలా బేరమాడుతూనే సిటీబస్సులని తిట్టేది. జనం చెవులప్పగించేశారు. పదకొండేళ్లు అద్దానికి బయట కూర్చున్న మనిషి మొదటిసారి లోపలికి వచ్చింది. రోజూ ఇస్త్రీ చీర, జడలో కనకాంబరాలు. రేడియోలో నిన్నెవరు చూస్తారమ్మా అని ఏడిపించేవాణ్ణి. మీరు చూస్తున్నారుగా అనేది.

ఆ సోమవారం ఏడున్నరకి దిబ్బపేట నుంచి ఫోన్ వచ్చింది. భీమిలి వైపు పోతుంటే ఒడ్డున ఒక జాలర్ల పేట అది. లైను బాగుందో లేదో చూడడానికి నేనూ హెడ్‌ఫోన్‌లో విన్నాను. ఆడమనిషి, పక్క గదిలో ఎవరో ఉన్నట్టు తగ్గి మాట్లాడుతోంది. ఊరిపెద్దలంతా కూర్చుని ఊరి ఓట్లన్నీ ఒకరికే వేస్తామని ఎవరో నాయకుడికి మాట ఇచ్చేశారట. బదులుగా ఆయన అమ్మవారి గుడికి స్లాబు వేయిస్తాడు. ఊరివాళ్లు మాత్రం ఒడ్డున ఆడవాళ్లు చేపలు ఎండబెట్టుకునే ఇసక జాగా ఒక హోటలు కట్టడానికి వదిలెయ్యాలి.

“ఎండుసేపల జాగా ఆడోళ్లదమ్మా. మా అత్తల కాలం నుంచీ మాదే. మమ్మల్ని ఒక్కమాట అడగనేదు,” అంది ఆమె. “మాటిచ్చింది మా ఆయనే. ఊరికి పెద్దాయన. ఆయన మాట ఇచ్చినాడని నా ఓటు ఎల్లిపోద్దా?”

సూర్యకళ పేరు అడిగింది. కాసేపు ఆగి అప్పాయమ్మ అని చెప్పింది. పేరు బయటికి వస్తే మాత్రం తన పని అయిపోతుందంది. నీ పేరు రాదు తల్లీ, నాది పూచీ అని సూర్యకళ మాట ఇచ్చింది.

ఇక్కడ సూర్యకళ చేసింది తప్పు. తెలివితక్కువతనం కాదు, అతితెలివి. అప్పాయమ్మ పేరు మార్చాలి కదా. ఏదో వింత పేరు పెడితే ఎవరా అని వెతుకుతారు, నూకాలు అని పెడితే ఎవరికీ దొరకదు అనుకుంది. మన వైపు ఏ ఊళ్లో చూసినా వీధికి ఇద్దరు నూకాలులు ఉంటారు, ఎవర్నని పట్టుకుంటారు? మొగుడు ఊరిపెద్ద అన్న మాట రాకూడదు కాబట్టి అసలు మొగుడే లేకుండా చేసేసింది. చేపలమ్ముకునే మనిషి అని తనే చేర్చింది. ఊరి పేరు కూడా మార్చేస్తే ఆ జాగా సంగతి ఎవరికీ పట్టదని అదొక్కటీ ఉంచేసింది. ఇంత మార్చాక అప్పాయమ్మ ఆనవాలు కూడా మిగల్లేదని ఆమె ధీమా. ఆ మాట నిజమే, అప్పాయమ్మ ఆనవాలు మిగల్లేదు.

ఎనిమిది పదికి మైకు ముందు కూర్చుంది. “నా పేరు నూకాలు బాబూ. దిబ్బపేట. నాకు మొగుడు నేడు, గంపెత్తుకుని ఊరంతా తిరిగి బతుకుతన్నాను,” అని మొదలుపెట్టి ఆ జాగా గురించి, ఆ ఓటు గురించి రెండు నిమిషాలు మాట్లాడింది. చివరికొచ్చేసరికి గొంతు బొంగురుపోయింది. అది నటనో నిజమో నాకు తెలీదు. సాయిశంకర్ కూడా ముక్కు మాటలు మర్చిపోయి బొబ్బిలి యాసలోనే థాంక్స్ చెప్పాడు. ఆమె అద్దంలోంచి నా వైపు చూసింది. అదరగొట్టావని బొటనవేలు ఎత్తి చూపించాను.

మంగళవారం మేనేజరు మహా హుషారుగా ఉన్నాడు. ఆ రెండు నిమిషాల ముక్క వాట్సాప్‌లో ఊరంతా తిరుగుతోందట. ఊరంతా తిరిగింది దిబ్బపేటకి వెళ్లదా? వెళ్లింది.

బుధవారం పది గంటలకి ఒకావిడ ఖాళీ గంప చంకన పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. నలభై దాటి ఉంటాయి, ఎండకి మాడిన మొహం. సీతమ్మధార వీధుల్లో పదిహేనేళ్లుగా చేపలమ్ముతుందట. మా వాచ్‌మన్‌కి బాగా తెలుసు, అందుకే పైకి పంపాడు. సూర్యకళ బల్ల ముందు నిలబడి గంప కింద పెట్టింది.

“నా పేరు నూకాలు, దిబ్బపేట,” అంది. “నాను మీకు ఎప్పుడు ఫోన్ సేసినానమ్మా?”

నేను హెడ్‌ఫోన్ తీసేశాను. సూర్యకళ రూళ్ల పుస్తకం గభాలున మూసేసింది.

ఆవిడ చెప్పుకుపోయింది. దిబ్బపేటలో ఒక కట్టుబాటు ఉంది. ఊరు కలిసి పైవాళ్లకి ఒక మాట ఇచ్చాక, ఊళ్లోవాళ్లు ఎవరూ బయట దానికి అడ్డం మాట్లాడకూడదు. మాట్లాడితే ఊరు వెలేస్తుంది. నూకాలు పేరున్న వాళ్లు ఊళ్లో అయిదుగురున్నారు గానీ, వాళ్లలో మొగుడు లేనిదీ గంపెత్తుకుని తిరిగేదీ ఈవిడ ఒక్కతే. ఆరేళ్ల కిందట వేటకెళ్లిన మనిషి తిరిగి రాలేదు. పైగా పోయిన ఏడు అదే జాగా గురించి పెద్దలతో నోరు చేసుకుంది. ఇంకేం కావాలి? అమ్మవారి మీద ఒట్టేసి చెప్పినా నమ్మలేదట. గొంతు తేడాగా ఉందంటే, రేడియోలో గొంతు మారుతుంది అన్నారట.

మంగళవారం పొద్దున్న ఒడ్డున చేపలు కొనేసి ఉంది. అప్పుడొచ్చిందట ఊరి తీర్పు. నిండు గంప నెత్తికెత్తుకోవాలంటే ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. రోజూ చెయ్యి వేసే ఆడవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. గంపని పడవ అంచు మీదికి నెట్టి, కింద కూర్చుని నెత్తి పెట్టబోతే సగం చేపలు ఇసకలో పడ్డాయి. బుధవారం నుంచి ఏ పడవవాడూ ఆమెకి చేప అమ్మడం లేదు. పోలింగు ఇంకా పదకొండు రోజులు. ఆ తర్వాత పెద్దలు మనసు మార్చుకుంటేనే మళ్లీ కొనుక్కోనిస్తారు, లేకపోతే లేదు. ఇంటర్ చదివే కూతురు ఉంది, ఇంకో ఆధారం లేదు.

నేను ఊరుకోలేక పోలీసులకి చెబుదాం పద అన్నాను. ఆవిడ నన్ను జాలిగా చూసింది. పోలీసులు జీపులో వచ్చి జీపులో వెళ్లిపోతారు, తను ఆ ఒడ్డునే బతకాలి కదా అంది. ఫోన్ చేసింది తను కాదని రేడియోవాళ్లు ఒక్కమాట చెబితే చాలంది.

సూర్యకళ అప్పుడు చెప్పాలి. ఆ గొంతు నాదేనని అక్కడే చెప్పేయాలి. చెప్పలేదు. నూకాలు ఫోన్ నెంబరు పుస్తకంలో రాసుకుని, కనుక్కుని చెబుతామమ్మా అని పంపేసింది. ఆవిడ ఖాళీ గంప ఎత్తుకుని మెట్లు దిగేదాకా ఆగి, నేను సూర్యకళని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె తల దించుకుని అన్నీ పడింది. చివరికి ఒక్కమాట అంది.

“సెప్తే, మరి అసలు ఎవులన్నారని అడుగుతారు అన్నియ్యా. ఆ తల్లికి నాను మాటిచ్చినాను.”

ఒకామెని కాపాడాలంటే ఇంకొకామెని అప్పజెప్పాలి.

గురువారం మేనేజరు గదికి వెళ్లాం. ఆయన ఏసీ కింద కూర్చుని, పోలింగు అయ్యేదాకా ఎవరూ నోరెత్తొద్దు, అవన్నీ వాళ్ల ఊరి గొడవలు అన్నాడు. నిజం చెప్పొచ్చా అని అప్పాయమ్మకే ఫోన్ చేసి అడుగుదామని సూర్యకళ నెంబరు నొక్కింది. మగగొంతు ఎత్తి “ఎవులూ” అంది. సూర్యకళ పెట్టేసింది. ఆ పొద్దున్న కార్యక్రమంలోనే ఆమె గొంతులు మార్చి చదవనని చెప్పేసింది. సాయిశంకర్ మళ్లీ బ్యాంకు నోటీసు మొదలెట్టాడు. సాయంత్రం ఇంటికెళ్లబోతూ నా దగ్గరకొచ్చి, రేపు దిబ్బపేట వెళుతున్నానంది. నీకేమైనా పిచ్చా అన్నాను. అన్నాను గానీ, మర్నాడు నా స్కూటరు మీదే తీసుకెళ్లాను.

శుక్రవారం నాలుగింటికి చేరాం. పడవలు ఒడ్డుకి లాగేసి ఉన్నాయి. ఆ జాగా చూశాను. పెద్దదేం కాదు, తాటికమ్మల దడి కట్టిన ఇసక నేల. పరిగెలు, కవ్వళ్లు లాంటి చిన్న చేపలు ఆరబోసి ఉన్నాయి, ఇద్దరు ముసలమ్మలు కాకుల్ని తోలుతున్నారు. దాని పక్కనే సిమెంటు అరుగు మీద పెద్దలు కూర్చుంటారట. దాలయ్య అనే ఆయన ఊరిపెద్ద. అరవై ఏళ్లుంటాయి, మాట నెమ్మది. రౌడీలా ఉంటాడనుకున్నాను, కాదు. మాకు కుర్చీలు వేయించాడు, మంచినీళ్లు తెప్పించాడు. నలుగురూ పోగయ్యారు. ఆడవాళ్లు దడి దగ్గర నిలబడ్డారు. నూకాలు మాత్రం అందరికీ దూరంగా ఒంటరిగా నిలబడింది.

సూర్యకళ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. నూకాలు ఫోన్ చెయ్యలేదు, ఎన్నికలని రేడియోలో మేమే గొంతులు మార్చి మాట్లాడుతున్నాం, ఆ రోజు మాట్లాడింది నేను, అంది. ఎవరూ నమ్మలేదు. తను తప్పించుకోడానికి పట్నం నుంచి మనిషిని తెచ్చుకుందిరా నూకాలు, అన్నాడు ఒకడు.

అప్పుడామె కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. “నా పేరు నూకాలు బాబూ. దిబ్బపేట. నాకు మొగుడు నేడు…” రెండు నిమిషాలూ ఒక్క మాట పొల్లుపోకుండా. అదే గొంతు, చివర్లో అదే బొంగురు. ముసలమ్మలు తోలడం మర్చిపోతే కాకులు చేపల మీద వాలాయి.

అయిపోయాక దాలయ్య అడిగాడు. “గొంతు నీది. మాట ఎవులిదమ్మా? మా ఊర్లో ఎవులో నీకు సెప్పుండాల.”

సూర్యకళ ఆడవాళ్ల వైపు చూడలేదు. “ఎవులూ సెప్పనేదు. నానే కల్పించినాను,” అంది.

“అయితే మా ఆడోళ్లెవులూ ఆ మాట అన్నేదు.”

“అన్నేదు.”

దాలయ్య లేచి నిలబడి ఊరివాళ్ల వైపు తిరిగాడు. రేడియో అమ్మే ఒప్పుకుంది, మన ఆడోళ్లకి ఈ విషయంలో ఏ అభ్యంతరమూ లేదు, ఇంక దీని గురించి మాట వద్దు అన్నాడు. నూకాలు మీద వెలి తీసేశామన్నాడు. మా మీద కేకలెయ్యలేదు, చెయ్యెత్తలేదు. ఇంక మీరు వెళ్లండమ్మా అన్నాడు, అంతే. దడి దగ్గర ఆడవాళ్లు ఒక్కొక్కరే తలలు దించుకుని వెళ్లిపోయారు. వాళ్లలో అప్పాయమ్మ ఎవరో నాకు తెలీదు. ఎవరైనా కావచ్చు.

బరువు దిగిందనుకున్నాను. స్కూటరు తీస్తుంటే నూకాలు వచ్చింది. దణ్ణం పెడుతుందేమో అని, నిజం చెప్పొద్దూ, ఎదురుచూశాను.

“నన్నిడిపించినావు. నీ పున్నెం,” అంది సూర్యకళతో. “నిన్నా, ఇయ్యాలా తెల్లారి లేసేసరికి మా పెరటి గుమ్మంలో ఆకులో సుట్టి సేపలెట్టున్నాయి. బిందెలో నీళ్లు నింపున్నాయి. ఎవులెట్టినారో నాను సూడనేదు. సూడకూడదని సూడనేదు. నన్ను ఎలేసినాకే తెలిసింది, ఊర్లో ఆడోళ్లందరికీ కడుపులో అదే మాటుందని. నాను ఇంకో తొమ్మిదిరోజులు ఓర్సుకుందును. నువ్వొచ్చి ఆ మాట అబద్ధమని సెప్పీసినావు.”

నువ్వే కదమ్మా, ఫోన్ చేసింది నువ్వు కాదని చెప్పమన్నావు అని నేను గట్టిగానే అడిగాను. నాను కాదని సెప్పమన్నాను బాబూ, ఎవులూ అన్నేదని సెప్పమన్నేదు, అంది. అని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. దారి పొడుగునా సూర్యకళ నా వెనక కూర్చుని ఏడుస్తూనే ఉంది. నేను మద్దిలపాలెం దాకా హారను కొడుతూనే ఉన్నాను, అవసరం ఉన్నా లేకపోయినా.

ఈ సంగతి ఆ రాత్రికే నాయకుడి మనుషులకి చేరింది, వాళ్ల నుంచి మేనేజరుకి చేరింది. శనివారం ఆరున్నరకే ఆయన స్టేషన్‌లో ఉన్నాడు. ఎప్పుడూ తొమ్మిదికి ముందు మొహం చూపించని మనిషి. చేతిలో టైపు చేసిన కాగితం. సోమవారం ప్రసారమైన మాటలన్నీ కల్పితం, దిబ్బపేటలో ఏ మహిళా అలా అనలేదు, చింతిస్తున్నాం, అని అందులో ఉంది. దాన్ని సూర్యకళే తన పేరుతో, తన గొంతుతో చదవాలి. చదివితే ఉద్యోగం ఉంటుంది. చదవకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదు. వాళ్లింట్లో అశోక్ సంపాదనొక్కటీ చాలదని ఆయనకీ తెలుసు.

ఆమె కాగితం తీసుకుని లోపలికెళ్లింది. ఆ రోజు జడలో పూలు లేవు. సాయిశంకర్ కుర్చీ జరిపి చోటిచ్చాడు. ఎనిమిదికి నేను మైకు పెంచాను.

“నా పేరు సూర్యకళ. ఈ స్టేషన్‌లో ఫోన్లు ఎత్తుతాను. సోమవారం మీరు విన్న గొంతు నాదే,” అని చదివింది. కాగితంలో ఉన్నట్టే, ఆమె ఎప్పుడూ మాట్లాడని పుస్తకాల తెలుగులో. తర్వాత ఆగిపోయింది. రేడియోలో ఆరు సెకన్లు మాట లేకపోతే ఊరు మునిగినంత పని. ఏమైందని తల ఎత్తి చూశాను. కాగితం మడిచేస్తోంది.

“గొంతు నాది. మాట కల్పితం కాదు. దిబ్బపేటలో ఎండుసేపల జాగా ఆడోళ్లది. ఆళ్లనడక్కుండా ఇచ్చీసినారు. నిన్న నాను ఆ ఊరెల్లి ఈ మాట అబద్ధమని సెప్పినాను. నిన్న సెప్పిందే అబద్ధం. ఆ మాట అన్నదెవులని ఎవుల్నీ అడగొద్దు. నాదే అనుకోండి.”

మేనేజరు నా వెనకే ఉన్నాడు. మైకు తగ్గించు, తగ్గించు అంటున్నాడు. భుజం పట్టుకుని ఊపాడు. ఈ పనిలో ఇరవై రెండేళ్లున్నాను, ఎవరిది తగ్గించమంటే వాళ్లది తగ్గించాను. ఆ రోజు చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆమె మాట పూర్తయ్యాకే యాడ్ వేశాను.

బయటికొచ్చిన సూర్యకళని మేనేజరు ఏమేం అన్నాడో ఇక్కడ రాయను. ఆమె బల్ల మీద సామాను సంచీలో సర్దుకుంటోంది. అంతలో ఫోన్ మోగింది. పదకొండేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే వెళ్లి ఎత్తింది. నేను హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. సోమవారం విన్న గొంతే. ఇప్పుడు తగ్గించి మాట్లాడడం లేదు.

“రేడియో అమ్మేనా? నాను అప్పాయమ్మని. దాలయ్య పెళ్లాన్ని.”

“సెప్పు తల్లీ,” అంది సూర్యకళ.

“ఆయనా నానూ కూకుని ఇన్నాం. నువ్వు సెప్పడం అవ్వగానే, ఆ మాట అన్నది నానేనని ఆయనకి సెప్పీసినాను.”

సూర్యకళ సంచీ కింద పెట్టేసింది. ఏమన్నాడని అడిగింది.

“ఏటీ అన్నేదు. లేసి ఒడ్డుకెల్లినాడు, పెద్దల్ని పిలవడానికి. పిలవాల గదా మరి. ఊర్లో ఎవులికైనా కట్టుబాటు ఒకటే. ఇయ్యాలో రేపో నన్నూ ఎలేస్తారు.”

“ఇంట్లో ఒక్కర్తివే ఉన్నావా?”

“నేదు. ఇప్పుడే నూకాలొచ్చింది. గుమ్మంలో కూకుంది, లెగమంటే లెగనంటంది. పెద్దలందరూ వచ్చీదాకా ఇక్కడే ఉంటాదంట,” అంది అప్పాయమ్మ. “ఉంటానమ్మా. దానికి టీ ఎట్టాల.”